వస కొమ్ము నుంచి స్పీచ్ థెరపీ దాకా: కువైట్ తెలుగు పిల్లల మాటల కథ

గలగలా మాట్లాడే పిల్లల్ని చూస్తే మన పెద్దవాళ్లు "చిన్నప్పుడు వీడికి వస ఎక్కువ పోసినట్టున్నారు" అని నవ్వుతారు. వస కొమ్మును కాల్చి, సాన మీద అరగదీసి, తల్లిపాలలో కలిపి పసిబిడ్డ నాలుకకు రాయడం తెలుగు ఇళ్లలో తరతరాల అలవాటు. దానివల్ల మాటలు త్వరగా, స్పష్టంగా వస్తాయని నమ్మకం. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే విషయం. నేటి పిల్లల డాక్టర్లు పసివాళ్లకు ఇలాంటివి వద్దనే అంటారు, ఏడాది లోపు తేనె అసలే వద్దంటారు. కానీ ఆ అలవాటు మనకు ఒక సంగతి చెబుతుంది. మాట దానంతట అదే వస్తుందిలే అని మనవాళ్లు ధీమాగా ఊరుకోలేదు, దానికి ఏదో ఒక సాయం చెయ్యాలనుకున్నారు. స్పీచ్ థెరపీ అన్న పేరు కొత్తది గాని, దాని వెనుక ఉన్న ఆలోచన పాతదే.

నేను కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకునే మనిషిని, వైద్యుణ్ణి కాను. కువైట్‌లో మాట ఆలస్యమైన పిల్లలున్న తెలుగు కుటుంబాలు నాకు నాలుగైదు తెలుసు. వాళ్లలో దాదాపు అందరికీ ఎవరో ఒకరు ఇచ్చిన సలహా ఒకటే: "ఇంట్లో తెలుగు మానేయండి, ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి." ఒక స్కూల్లో టీచరు చెప్పింది, ఇంకొకచోట క్లినిక్‌లో చెప్పారు, మరొక ఇంట్లో బాబాయి వరసైన ఆయనే చెప్పాడు. ఈ సలహా ఎక్కడి నుంచి వచ్చింది, ఇందులో నిజమెంత అని చదవడం మొదలుపెడితే చరిత్ర చాలా దూరం తీసుకుపోయింది. విచిత్రమేమిటంటే అందులో కొంత భాగం కువైట్ గుమ్మం ముందే జరిగింది.

కువైట్ నగరం నుంచి ఉత్తరానికి నేరుగా కొలిస్తే సుమారు 125 కిలోమీటర్ల దూరంలో, ఇప్పటి ఇరాక్‌లో, బస్రా నగరం ఉంది. 8వ శతాబ్దంలో అక్కడ వాసిల్ ఇబ్న్ అతా అనే పండితుడు ఉండేవాడు. ముతజిలా అనే తార్కిక సంప్రదాయానికి మూలపురుషుడు, 748లో మరణించాడు. ఆయనకు 'ర' పలకదు. వాదాల్లో, ప్రసంగాల్లో నెగ్గుకురావలసిన మనిషికి ఇది చిన్న ఇబ్బంది కాదు. ఆయన ఏం చేశాడంటే, 'ర' ఉన్న మాటలన్నిటినీ తన మాటల్లోంచి ఏరి పారేశాడు. గోధుమలకు అరబిక్‌లో 'బుర్ర్' అన్న మాట ఉన్నా, దాన్ని వదిలేసి అదే అర్థం ఉన్న 'కమ్‌హ్' అనేవాడు. గవర్నరు సమక్షంలో ఒక్క 'ర' కూడా దొర్లకుండా ఆయన చేసిన ప్రసంగం అరబిక్ సాహిత్యంలో సుప్రసిద్ధం. మన కవుల్లో పెదవులు కలవని అక్షరాలతోనే నిరోష్ఠ్య కావ్యాలు రాసినవాళ్లున్నారు. వాళ్లది పాండిత్య ప్రదర్శన, ఈయనది బతుకు అవసరం.

ఈ సంగతి వివరంగా రాసిపెట్టినవాడు అదే బస్రాకు చెందిన అల్ జాహిజ్. 9వ శతాబ్దపు రచయిత. 'అల్ బయాన్ వల్ తబ్యీన్' అనే గ్రంథంలో ఆయన ఉచ్చారణ దోషాలను ఒక పట్టికలా విడదీశాడు. ఖాఫ్, సీన్, లామ్, రా అనే నాలుగు అక్షరాల దగ్గర నాలుక తడబడుతుందని, ఏ అక్షరం ఏ అక్షరంగా మారిపోతుందో ఉదాహరణలతో సహా చెప్పాడు. అదే శతాబ్దంలో తత్వవేత్త అల్ కిందీ కేవలం ఈ దోషాల మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు. అంతకు ముందే బస్రా వైయాకరణుడు సీబవైహ్ అరబిక్ అక్షరాలు గొంతులో ఎక్కడ పుడతాయి, నాలుక ఎక్కడ తగులుతుంది అని స్థానాల వారీగా వర్గీకరించాడు.

మనకిది పరాయిగా అనిపించదు. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని చిన్నప్పుడు తెలుగు మాస్టారు వల్లె వేయించినది శిక్షా శాస్త్రం నుంచి వచ్చిందే. ఆడపులి తన పిల్లను కోరలతో పట్టుకుని మోసుకెళ్లేటప్పుడు జారి పడకుండా, గాటు పడకుండా ఎంత జాగ్రత్తగా ఉంటుందో అక్షరాన్ని అంత జాగ్రత్తగా పలకాలని పాణినీయ శిక్షలో ఒక పోలిక ఉంది. 'క' దగ్గర గొంతులో మొదలై 'మ' దగ్గర పెదవులతో ముగిసే మన వర్గాక్షరాల వరుస ఇవాళ స్పీచ్ థెరపిస్టు గోడకు తగిలించుకోదగ్గ చార్టు. ఇంత శుభ్రమైన టేబుల్‌ను డిజైన్ చేసిన ప్రోగ్రామరును నేను ఇంతవరకు చూడలేదు. సీబవైహ్ మీద భారతీయుల ప్రభావం ఉందా లేదా అని పండితులు వాదించుకుంటూ ఉంటారు, ఆ తగవు మనకొద్దు.

అయితే ఒకటి గమనించాలి. ఈ విద్య అంతా పవిత్ర గ్రంథాలను తప్పు లేకుండా చదవవలసినవాళ్ల కోసం, సభలో మాట్లాడవలసినవాళ్ల కోసం పుట్టింది. మాట రాని పిల్లవాడి కోసం కాదు. అటువంటివాణ్ణి మన ఊళ్లలోనూ, అరబ్బుల ఊళ్లలోనూ కూడా 'మూగవాడు' అని ఒక మూలన కూర్చోబెట్టారు. నత్తివాణ్ణి ఆటపట్టించారు. మన సినిమాలు కూడా అదే పని దశాబ్దాలపాటు చేశాయి.

మాట రాని పిల్లల కోసమే ఒక వృత్తి ఏర్పడడం 19వ శతాబ్దంలో మొదలైంది. అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు చెప్పగానే మనకు టెలిఫోనే గుర్తొస్తుంది. ఆయన మొదటి వృత్తి వినికిడి లేని పిల్లలకు మాటలు నేర్పడం. తల్లికీ, భార్యకూ వినపడేది కాదు. తండ్రి మెల్విల్ బెల్ 1867లో 'విజిబుల్ స్పీచ్' అని, నాలుక, పెదవుల కదలికలను గుర్తులుగా చూపించే ఒక లిపిని ప్రచురించాడు. కొడుకు 1871లో బోస్టన్ వెళ్లి ఆ లిపితో పిల్లలకు పాఠాలు చెప్పాడు. 1876లో టెలిఫోన్ పేటెంటు వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న మనందరినీ ఇంటితో కలిపి ఉంచిన యంత్రాన్ని కనిపెట్టినవాడు మాటలు నేర్పే మాస్టారన్నమాట. సైగల భాషను ఆయన గట్టిగా వ్యతిరేకించాడు. ఆ పట్టుదల వల్ల ఎందరో చెవిటి పిల్లలు నష్టపోయారని కూడా చెప్పుకోవాలి.

అమెరికాలో 1925లో స్పీచ్ థెరపిస్టుల సంఘం ఏర్పడింది. ఈ వృత్తి పెరిగిన ముఖ్యమైన చోట్లలో అయోవా విశ్వవిద్యాలయం ఒకటి. అక్కడే 1939లో ఒక చెడ్డ ప్రయోగం జరిగింది. స్వయంగా నత్తి ఉన్న వెండెల్ జాన్సన్ అనే శాస్త్రవేత్త, పిల్లవాడికి 'నీకు నత్తి' అని పేరు పెట్టడం వల్లనే నత్తి ముదురుతుందా అని పరీక్షించాలనుకున్నాడు. ఆయన మార్గదర్శకత్వంలో ఒక పరిశోధక విద్యార్థిని డావెన్‌పోర్ట్‌లోని అనాథాశ్రమంలో 22 మంది పిల్లల మీద ప్రయోగం చేసింది. మామూలుగా మాట్లాడే కొందరు పిల్లలకు, నీ మాటలో లోపం ఉంది, తప్పు రాకుండా పలకగలిగితేనే మాట్లాడు అని పదేపదే చెప్పారు. ఆ పిల్లలు నోరు తెరవడానికే జంకడం మొదలుపెట్టారు. ఈ సంగతి 2001లో ఒక పత్రిక ద్వారా అందరికీ తెలిసింది. విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం బాధితుల తరఫువారికి 9,25,000 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. బంధువుల ముందు "వీడికి మాట సరిగా రాదు" అని పిల్లవాడు వింటుండగానే చెప్పే అలవాటు మనలో ఎంత ఉందో మీకు తెలియంది కాదు.

మన దేశానికి వస్తే, మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ 1960ల మధ్యలో మొదలైంది. 1966లో దానికి శంకుస్థాపన చేసినవారు అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఒకప్పుడు ఆయన మైసూరులోనే పాఠాలు చెప్పిన అధ్యాపకుడు. 1983లో బొంబాయిలో వినికిడి లోపం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ పెట్టి దానికి అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆయన హైదరాబాదీ, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసినవారు. ఆ సంస్థ దక్షిణాది కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. 1984లో ఏర్పడిన మానసిక వికలాంగుల జాతీయ సంస్థ కూడా అక్కడిదే. 1992లో పార్లమెంటు చేసిన చట్టంతో రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు చట్టబద్ధత వచ్చి, థెరపిస్టులు అందులో రిజిస్టర్ కావడం తప్పనిసరి అయింది. ఆశ్చర్యం ఏమిటంటే 1995 వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది గాని, అందులో మాట లేదు. 'వాక్కు, భాషా వైకల్యం' చట్టంలోకి ఎక్కింది 2016లోనే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద, పుట్టుకతో వినపడని చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు ఉచితంగా చేశారు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతానికి ఇది ఎంత అవసరమో డాక్టర్లు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. ఆపరేషన్‌తో పని సగమే అయినట్టు. యంత్రం శబ్దాన్ని లోపలికి పంపుతుందే గాని, ఆ శబ్దాన్ని 'అమ్మ' అనే మాటగా గుర్తుపట్టడం పిల్లవాడు నేర్చుకోవాలి. దానికి నెలలు, కొందరికి ఏళ్లు థెరపీ కావాలి. అది ఇంట్లో మాట్లాడే భాషలోనే జరగాలి.

ఇక కువైట్ సంగతి. అక్కడి ప్రభుత్వం 1950లలోనే అంధులకు అల్ నూర్, బధిరులకు అల్ అమల్ పేరుతో ప్రత్యేక విద్యా సంస్థలు మొదలుపెట్టింది. దేశానికి పూర్తి స్వాతంత్ర్యం వచ్చింది 1961లో అని గుర్తుచేసుకుంటే ఇది చాలా ముందుచూపు. 1990 ఆగస్టు 2న ఇరాక్ దండెత్తడంతో అన్నీ ఆగిపోయాయి, మనవాళ్లు లక్షకు పైగా అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాల్లో ఇంటికి చేరారు. యుద్ధం తర్వాత మూడేళ్లకే, 1994లో, డాక్టర్ సమీరా అల్ సాద్ కువైట్ ఆటిజం కేంద్రాన్ని స్థాపించారు. ఆటిజం ఉన్న కూతురికి తల్లిగా మొదలైన ప్రయాణం అది. 1996లో వికలాంగుల చట్టం, 2010లో దానికన్నా విస్తృతమైన 8వ నంబరు చట్టం వచ్చాయి. కువైట్ విశ్వవిద్యాలయం ఈ విద్యలో డిగ్రీ ఇస్తోంది, కువైటీ పిల్లలు ఏ అక్షరం ఏ వయసుకు పలుకుతారో పరిశోధనలు జరిగాయి. అయితే చట్టంలోని ఆర్థిక సాయాలు, సౌకర్యాల్లో ఎక్కువ భాగం పౌరులకే. మనబోటివాళ్లు ప్రైవేటు క్లినిక్‌లో గంటకింత అని దినార్లు చెల్లించుకోవలసిందే.

ఒక చిన్న ఉదాహరణ చెబితే ఈ విద్యలో భాష ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ప్రామాణిక అరబిక్‌లో కుక్కను 'కల్బ్' అంటారు. కువైటీలు 'చల్బ్' అంటారు. ఈ సంగతి తెలియని థెరపిస్టు కువైటీ పిల్లవాడి నోట 'చల్బ్' వింటే 'క' పలకలేకపోతున్నాడని రాసుకుంటాడు. అలాగే అరబిక్‌లో 'ప' లేదు, అక్కడ పెప్సీని 'బెబ్సీ' అంటారని మనకు తెలుసు. మన పిల్లవాడు 'బెబ్సీ' అంటే అది దోషమా, కింద బకాలా దుకాణంలో నేర్చుకున్నదా? మూడేళ్ల పిల్ల 'రాముడు'ను 'లాముడు' అంటే తెలుగు తెలిసినవాళ్లు ముద్దుపడతారు, ఏడేళ్లకూ అలాగే అంటే ఆలోచిస్తారు. ఆ తేడా తెలియాలంటే చూసేవాళ్లకు ఆ భాష తెలియాలి.

కువైట్ గాలిలో పెరిగే తెలుగు పిల్లలు ఒక రకం. అబ్బాసియాలోనో, సాల్మియాలోనో, మంగాఫ్‌లోనో ఫ్లాట్‌లో అమ్మానాన్నలతో ఉంటారు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో హిందీ లేదా మలయాళం, స్కూల్లో ఇంగ్లీషు, వీధిలో అరబిక్. రెండో రకం పిల్లలు కువైట్‌లో ఉండరు. కడప సీమ నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వచ్చిన తల్లుల బిడ్డలు వాళ్లు, ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. కుటుంబ వీసాకు కావలసిన జీతం 2016లో 450 దినార్లకు, 2019లో 500కు, 2024లో 800కు పెరిగింది. ఇంటిపని చేసే మనిషికి బిడ్డను తెచ్చుకునే దారి అంతకు ముందూ లేదు, తరువాతా లేదు.

ఈ తల్లి కువైటీ ఇంట్లో వేరొకరి బిడ్డను ఎత్తుకుని పెంచుతుంది. 'మాఫీ మాలూం' తరహాలో, క్రియలూ విభక్తులూ అరిగిపోయిన గల్ఫ్ అరబిక్‌లో వాడితో మాట్లాడుతుంది. పిల్లవాడికి మాట ఆలస్యమైతే ఆ ఇంటివాళ్లు పనిమనిషి భాషే కారణమని అనుమానపడతారు. గల్ఫ్ దేశాల్లో ఈ చర్చ చాలాకాలంగా ఉన్నదే. ఇక ఆమె సొంత బిడ్డకు మాట ఆలస్యమైతే ఆ సంగతి ఆమెకు ఫోన్లోనే తెలియాలి. వాడు పలకకపోతే "సిగ్గుపడుతున్నాడమ్మా, నువ్వు కొత్తగదా" అంటుంది అమ్మమ్మ. 1980లలో క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి పంపుకున్న రోజులతో పోలిస్తే వీడియో కాల్ మేలే. కనీసం పేరు పెట్టి పిలిస్తే బిడ్డ తిరిగి చూస్తున్నాడా లేదా అన్నది కనిపిస్తుంది. అనుమానం వస్తే ఊళ్లో అడగవలసిన చోట్లున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో పిల్లల కోసం సత్వర చికిత్స కేంద్రాలు పెట్టారు, మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అన్నిచోట్లా స్పీచ్ థెరపిస్టు ఉంటారని చెప్పలేం, కానీ వినికిడి పరీక్షకు ఎక్కడికి వెళ్లాలో అక్కడ చెబుతారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం: తెలుగు మానేయడం. ఈ సలహాకు పుట్టినిల్లు గల్ఫూ కాదు, ఇండియా కూడా కాదు. 20వ శతాబ్దపు మొదటి భాగంలో పాశ్చాత్య దేశాల్లో రెండు భాషలు పిల్లల బుర్రను గందరగోళపరుస్తాయని నమ్మేవారు. 1923లో వేల్స్‌లో డి. జె. సేర్ అనే ఆయన చేసిన పరిశీలనలో, వెల్ష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పల్లెటూరి పిల్లలకు తెలివితేటల పరీక్షలో మార్కులు తక్కువ వచ్చాయి. దాన్ని భాష మీదికి నెట్టారు. ఇటువంటి పరీక్షల్లో పిల్లల ఆర్థిక స్థితి, చదువుకునే వసతులు సరిగా లెక్కలోకి తీసుకోలేదు. 1962లో మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అవన్నీ సరిచూసి పరీక్షిస్తే రెండు భాషల పిల్లలే ముందున్నారు. అది మామూలు పిల్లల సంగతి, లోపం ఉన్న పిల్లలకు ఒక భాషే భారం కాదా అని అడగవచ్చు. 2005లో కెనడాలో డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, రెండు భాషల ఇళ్ల పిల్లలు ఇంగ్లీషులో ఒక్క భాష పిల్లలకన్నా వెనకబడలేదు, పైగా రెండో భాష కూడా కొంత వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లల మీద తరువాత వచ్చిన అధ్యయనాలూ ఇదే దారిలో ఉన్నాయి.

నిజమైన భాషాలోపం ఉంటే అది పిల్లవాడికి వచ్చిన భాషలన్నిటిలోనూ కనిపిస్తుంది. ఇంగ్లీషులో మాత్రమే తడబడుతూ తెలుగులో కథలు చెప్పే పిల్లవాడికి రోగం లేదు, ఇంగ్లీషు ఇంకా రాలేదంతే. తెలుగు ఆపేస్తే ఆ పరీక్షకు కూడా వీల్లేకుండా పోతుంది. ఇంకొక మాట. మనలో చాలామంది ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు. మీటింగులకు సరిపోతుంది గాని, జోల పాడడానికి, అన్నం తినిపిస్తూ చందమామను చూపించడానికి సరిపోదు. తెలుగు మానేసిన తల్లి ఇంగ్లీషులో మాట్లాడేది "కమ్, ఈట్, నో, డోంట్" దగ్గర ఆగిపోవడం నేను చూశాను. అసలే మాటలు కరువైన పిల్లవాడికి ఇంట్లో వినిపించే మాటలు ఇంకా తగ్గిపోయాయి. అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడే ఒక్క సంబంధమూ తెగిపోయింది.

మరి ఏం చెయ్యాలి? ఏడాది దాటినా ముద్దుపలుకులు, చూపుడువేలితో చూపించడం లేకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగకూడదు. "వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గాని రాలేదు" అనే మాట ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆ నాన్నకు వినికిడి పరీక్ష ఎవరూ చేయించలేదు. అన్నిటికన్నా ముందు చేయించవలసింది అదే. రెండు నుంచి అయిదేళ్ల మధ్య వచ్చే నత్తి చాలామందిలో దానంతట అదే పోతుంది. నెలలు గడిచినా తగ్గకపోతే, పిల్లవాడు మాట్లాడడానికి వెనకాడుతుంటే థెరపిస్టుకు చూపించాలి. ఈ లోపల వాడి మాట పూర్తయ్యేదాకా మనం ఓపికగా వినడమే సాయం.

2020లో కోవిడ్ వచ్చి క్లినిక్‌లు మూతపడినప్పుడు వీడియో థెరపీ బాగా వ్యాప్తిలోకి వచ్చింది. కువైట్ నుంచి సికింద్రాబాదులోనో, విశాఖలోనో ఉన్న తెలుగు థెరపిస్టుతో వారానికి ఒకటి రెండుసార్లు మాట్లాడవచ్చు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడవద్దు. సమయం తేడా రెండున్నర గంటలే కాబట్టి సాయంత్రం క్లాసు కుదురుతుంది. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి పూర్తి పరీక్ష చేయించుకుంటే, వచ్చాక దాని మీద పని చేసుకోవచ్చు. మూడేళ్ల పిల్లవాడు తెర ముందు గంటసేపు కూర్చోడు. అందుకని మంచి థెరపిస్టు ముందు తల్లికి నేర్పిస్తుంది, తల్లి మిగతా వారమంతా వంటింట్లో, స్నానం దగ్గర, కారులో దాన్ని నడుపుతుంది.

బొమ్మల కార్డులు మాత్రం మనం మార్చుకోవాలి. ఊళ్లో తయారైన కార్డులో ఎడ్లబండి ఉంటుంది, అది మన పిల్లవాడు చూసి ఉండడు. వాడికి తెలిసింది నీళ్ల ట్యాంకరు, ఒంటె, కువైట్ టవర్లు, పొద్దున్నే బేకరీ నుంచి వేడివేడిగా తెచ్చే ఖుబ్బూస్. మాటలు లెక్కపెట్టేటప్పుడు వాటిని ఏ భాషలో అన్నాడని చూడరు, అన్ని భాషలవీ కలిపి లెక్కవేస్తారు. 'అమ్మ', 'బాల్', 'పానీ', 'ఖుబ్బూస్' అన్న పిల్లవాడికి నాలుగు మాటలు వచ్చినట్టే.